గడప దాటని బండి: చక్రాల కుర్చీకి చవక సాధనాలు

ఒక సాధనాన్ని చవకది అనడానికి దాని ధర తక్కువగా ఉండడం ఒక్కటే చాలదు. అది ఏ పనికోసం తయారైనదో ఆ పని చివరివరకు నెరవేరవలె. ఏటి నడుమ నిలిచిపోయే పడవను ఎంత తక్కువకు కొన్నా అది దండుగే. నడవలేనివారి ప్రయాణాన్ని సులభం చేయడానికి కొన్ని దశాబ్దాలుగా అనేక దేశాలలో చవక సాధనాలు తయారవుతున్నవి. వాటిని గురించి వచ్చే వార్తలలో ధర ఉంటుంది, బరువు ఉంటుంది, వేగం ఉంటుంది. కాని ఆ సాధనంలో కూర్చున్న మనిషి తన గదిలోనుంచి బయలుదేరి రైలుపెట్టెలోకి చేరేవరకు పోగలడా అనే ప్రశ్నకు సమాధానం అరుదుగా దొరుకుతుంది. సాధనాల మంచిచెడ్డలను తేల్చవలసినది ఈ ప్రశ్నతోనే.

2011 జనాభా లెక్కల ప్రకారం భారతదేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలమంది. వారిలో సుమారు 54 లక్షలమందికి కదలికకు సంబంధించిన లోపం ఉన్నది. అందరికీ చక్రాల కుర్చీ అవసరం లేకపోవచ్చు. అవసరమైనవారికి మాత్రం చదువు, వైద్యం, ఉద్యోగం అన్నీ ఆ కుర్చీ ఎక్కడ ఆగిపోతుందో అక్కడే ఆగిపోతవి.

పాలకొల్లు దారి

ఈ పరీక్షకు పశ్చిమగోదావరి జిల్లాలోని పాలకొల్లు తగిన స్థలం. భీమవరం–నరసాపురం రైలుమార్గం మీద, గోదావరి డెల్టాలో ఉన్న పట్టణమిది. చుట్టూ కొండలు లేవు, గుట్టలు లేవు. నేల దాదాపు బల్లపరుపు. పటం చూచినవారు, ఇటువంటి ఊరిలో చక్రాల కుర్చీకి చిక్కేమిటి అనుకోవచ్చు.

కాని డెల్టాలోని ఎత్తుపల్లాలు చాలావరకు మనిషి కట్టుకున్నవి. 1847–1852 మధ్య ధవళేశ్వరం వద్ద ఆనకట్ట కట్టిన తరువాత ఈ ప్రాంతమంతటా కాలువలు పారినవి. కాలువ ఉన్నచోట గట్టు ఉంటుంది, గట్టు దాటడానికి వంతెన ఉంటుంది. వంతెన ఎక్కక తప్పదు, దిగక తప్పదు. వానలకు, వరదలకు వెరచి ఇండ్లను ఎత్తైన పునాదుల మీద కట్టుకోవడం ఇక్కడి అలవాటు. 1986 ఆగస్టులో వచ్చిన గోదావరి వరద ఎరిగినవారికి ఈ జాగ్రత్త ఎందుకో చెప్పనక్కరలేదు. అందుచేత వీధినుండి అరుగుకు మెట్లు, అరుగునుండి లోపలికి గడప ఏర్పడినవి. వానకాలంలో గట్టుదారి మీది బంకమట్టి చక్రాలకు చుట్టుకొంటుంది. ఇంత దాటి స్టేషను చేరినా, ప్లాట్‌ఫారానికీ రైలుపెట్టెకూ మధ్య ఎత్తులో తేడా ఉన్నది.

అంటే దారిలో ఐదు అడ్డంకులు: గడప, మెట్లు, బురద, వంతెన వాలు, బండి ఎక్కడం. నాలుగు దాటి ఐదవదాని వద్ద ఆగిపోయినవాడు ఇల్లు కదలనివానితో సమానమే. ఒక్క అడ్డంకిని మాత్రమే చూచి తయారుచేసిన సాధనం సగం సాధనమే అవుతుంది.

కుర్చీ ఎవరికోసం పుట్టినది?

1655లో జర్మనీలోని నూరెంబర్గు దగ్గర ఆల్ట్‌డోర్ఫ్ అనే ఊరిలో స్టీఫెన్ ఫార్ఫ్లర్ అనే గడియారాల పనివాడు తనకోసం తానే మూడుచక్రాల బండి చేసుకున్నాడు. చేతిపిడులు తిప్పితే పళ్ళచక్రాల ద్వారా ముందరి చక్రం తిరిగేది. నడవలేని మనిషి మరొకరి సాయం లేకుండా కదలడానికి చేసిన తొలి బండ్లలో ఇది ఒకటి.

నేడు ఎక్కడ చూచినా కనిపించే మడతకుర్చీ 1933 నాటిది. గని ప్రమాదంలో వెన్ను దెబ్బతిన్న హెర్బర్టు ఎవరెస్టు అనే అమెరికా ఇంజనీరు, హారీ జెన్నింగ్సు అనే మరొక ఇంజనీరుతో కలిసి దానిని రూపొందించాడు. సీటు క్రింద రెండు గొట్టాలు కత్తెరవలె అడ్డంగా దాటుతవి. సీటును పైకి లాగితే కుర్చీ మడుచుకొంటుంది. మోటారుకారులో పెట్టుకొని పోవడానికే ఈ ఏర్పాటు. కారు, నున్నని కాలిబాట, వెడల్పైన వాకిలి ఉన్నచోట ఈ కుర్చీ చక్కగా పనిచేసింది.

తరువాత ప్రపంచమంతటా దీనికి నకళ్ళు వచ్చినవి. ఆస్పత్రులలో రోగిని ఒక గదినుండి మరొక గదికి తోసుకుపోయేదీ ఇదే. శిబిరాలు పెట్టి పంచినదీ చాలావరకు ఇదే. అసలు చిక్కు ఇక్కడ మొదలైనది. ఆస్పత్రి గచ్చుకు తగిన కుర్చీని కాలువగట్టు మీదికి పంపి, అది కదలకపోతే లోపం కూర్చున్నవానిదే అన్నట్లు చూడడం శాస్త్రదృష్టి కాదు.

చిన్నచక్రం చేసే చిక్కు

మనిషి బరువు 60 కిలోలు, కుర్చీ బరువు 18 కిలోలు అనుకొంటే మొత్తం 78 కిలోలు. నున్నని గచ్చు మీద దీనిని కదపడానికి ఒకటిన్నర కిలోల భారానికి సమానమైన బలం చాలు. 12కు 1 వాలు ఉన్న వంతెన మీద దీనికి తోడు మరి ఆరున్నర కిలోల భారానికి సమానమైన బలం కావలె. బాహుబలం ఉన్నవాడు ఈ రెండింటినీ నెగ్గగలడు. గడప వద్ద మాత్రం లెక్క పూర్తిగా మారిపోతుంది.

మడతకుర్చీ ముందరి చక్రాల వ్యాసార్ధం సుమారు 10 సెంటీమీటర్లు. కుర్చీ, మనిషి కలిసిన గరిమనాభి వెనుక ఇరుసుకు 15 సెంటీమీటర్లు ముందు ఉన్నదనీ, ముందు వెనుక ఇరుసుల మధ్య దూరం 45 సెంటీమీటర్లనీ అనుకొంటే, మొత్తం బరువులో మూడవవంతు, అనగా 26 కిలోలు, ముందరి చక్రాల మీద పడుతుంది. 5 సెంటీమీటర్ల గడపను ఈ చక్రాలు ఎక్కవలెనంటే ఎంత బలం కావలె? గడప అంచును ఆధారబిందువుగా తీసుకొని, బలాల భ్రామకాలను సమానం చేస్తే సమాధానం వస్తుంది: సుమారు 45 కిలోల భారం. చక్రం వ్యాసార్ధం 15 సెంటీమీటర్లైతే అదే గడపకు 29 కిలోల భారం చాలు. 30 సెంటీమీటర్లైతే 17 కిలోలు. చక్రం పెద్దదవుతున్నకొద్దీ గడప చిన్నదవుతుంది. ఉన్నత పాఠశాల విద్యార్థి నోటుపుస్తకంలో చేయగల ఈ లెక్క, చవక కుర్చీలలో ఎక్కువభాగం ఎందుకు ఓడిపోతున్నవో చెబుతుంది.

బురదలోనూ ఇంతే. సన్నని చిన్నచక్రం తక్కువ వైశాల్యం మీద ఎక్కువ ఒత్తిడి మోపి నేలలో దిగబడుతుంది. దిగబడిన చక్రానికి ప్రతి అంగుళమూ ఒక గడపే.

ఈ లోపాన్ని గుర్తించి సరిచేసినవారిలో రాల్ఫ్ హాచ్‌కిస్ ముఖ్యుడు. 1966లో మోటారుసైకిలు ప్రమాదం తరువాత ఆయన స్వయంగా చక్రాల కుర్చీ వాడవలసివచ్చింది. 1980 నుండి నికరాగువా మొదలైన దేశాలలో అక్కడి పనివారితో కలిసి కుర్చీలు రూపొందించాడు. ఆయన బృందపు కుర్చీలలో ముందరి చక్రాలు వెడల్పైన మెత్తని రబ్బరువి. జింబాబ్వేలో తయారైనందున వీటికి జింబాబ్వే చక్రాలని పేరు వచ్చింది. ఇరుసుల మధ్య దూరం కూడ పెంచారు. పై ఉదాహరణలో ఆ దూరాన్ని 45 నుండి 60 సెంటీమీటర్లకు పెంచితే ముందరి చక్రాల మీది బరువు 26 నుండి ఇరవై కిలోలలోపుకు దిగుతుంది. కుర్చీ ముందుకు బోర్లాపడే ప్రమాదమూ తగ్గుతుంది. దీనికి మూల్యం లేకపోలేదు. పొడవైన కుర్చీ ఇరుకు వంటింటిలో సులభంగా తిరగదు.

ఫార్ఫ్లరు, ఎవరెస్టు, హాచ్‌కిస్ ముగ్గురూ తాము కూర్చునే కుర్చీని తాము రూపొందించుకున్నవారే. ఇది కాకతాళీయం కాదు. ఇరుసు ఎక్కడ ఉండవలెనో భుజం నొప్పి చెప్పినంత స్పష్టంగా పుస్తకం చెప్పదు.

చవక కుర్చీల గుణదోషాలు

2001 ప్రాంతంలో డాన్ షొండార్ఫర్ అనే అమెరికా ఇంజనీరు మరొక మార్గం త్రొక్కాడు. తోటలో వేసుకునే ప్లాస్టిక్ కుర్చీని ఇనుపచట్రంలో బిగించి సైకిలు చక్రాలు అమర్చాడు. ఆయన స్థాపించిన సంస్థ పది లక్షలకు పైగా కుర్చీలు పంచింది. నేలమీద ప్రాకుతూ బ్రదికే మనిషికి ఇది చిన్న మేలు కాదు. కాని తొలినాటి ఆ కుర్చీ పిల్లవానికీ పెద్దవానికీ ఒకే కొలత. స్పర్శ లేని శరీరం కొలతకు సరిపోని గట్టి ఆసనం మీద గంటలతరబడి కూర్చుంటే ఒత్తిడిపుండ్లు పడతవి. వాటికి విషం ఎక్కితే ప్రాణానికే ముప్పు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ప్రకటించిన మార్గదర్శకాలు కుర్చీతోపాటు కొలత తీయడం, వాడకం నేర్పడం, తరువాత విచారించడం కూడ సేవలో భాగాలని చెప్పినవి. కుర్చీ పంచడంతో పని అయిపోయిందనుకొంటే, ఇల్లలకగానే పండుగ అనుకొన్నట్లే.

మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థలో ఏమస్ వింటర్ బృందం తయారుచేసిన మీటల కుర్చీ గరుకు దారిని లక్ష్యంగా పెట్టుకున్నది. జయపూరు కాలు తయారుచేసే సంస్థతో కలిసి భారతదేశంలో కూడ దానిని పరీక్షించారు. ఇరువైపులా పొడవైన మీటలు ఉంటవి. మీటను పైభాగాన పట్టుకొని తోస్తే బలం పెరిగి వేగం తగ్గుతుంది. క్రిందిభాగాన పట్టుకొంటే వేగం పెరుగుతుంది. అంటే గేరు మార్చే పని చేయి చేస్తుంది. భాగాలన్నీ సైకిలువే కాబట్టి మరమ్మతు సులభం. బంకమట్టి గట్టుకూ వంతెన వాలుకూ ఇది తగినది. ఇంటిలో మీటలు తీసివేసి మామూలు కుర్చీవలె వాడుకోవచ్చు. ఐనా మెట్లవద్ద, రైలువద్ద దీని విద్య పనిచేయదు.

భారతదేశంలో ఎక్కువగా కనబడేది చేతితో తిప్పే మూడుచక్రాల బండి. కాన్పూరులో 1972లో స్థాపించిన ప్రభుత్వ కృత్రిమ అవయవాల సంస్థ దీనిని తయారుచేస్తున్నది. 1981లో మొదలైన కేంద్రప్రభుత్వ పథకం ద్వారా దీనిని పంచుతున్నారు. పెద్దచక్రాలు, గొలుసు, పొడవైన చట్రం ఉండడం వలన దూరపు రోడ్డుకు ఇది మంచి బండి. దీని లోపం గమ్యం చేరిన తరువాత బయటపడుతుంది. బండి పాఠశాల ద్వారం వద్ద ఆగిపోతుంది. లోపలికి పోవడానికి కుర్చీ ఉండదు. విద్యార్థిని ఎవరైనా ఎత్తుకొని తీసుకుపోవలె, లేదా అతడు ప్రాకవలె. రోడ్డు మీద స్వతంత్రుడైనవాడు తరగతి వాకిట్లో పరాధీనుడవుతాడు.

ఈ లోపానికి సమాధానం చెన్నైలో కనబడుతుంది. మద్రాసు ఐ.ఐ.టి.లో సుజాతా శ్రీనివాసన్ నాయకత్వంలోని పరిశోధనశాలలో పుట్టిన నియోబోల్టు అనే సాధనాన్ని కుర్చీ ముందు తగిలిస్తే అది మోటారుబండి అవుతుంది. గమ్యం చేరి విప్పివేస్తే మళ్ళీ కుర్చీయే. గంటకు 25 కిలోమీటర్ల వేగం, ఒకసారి చార్జిచేస్తే 25 కిలోమీటర్ల వరకు ప్రయాణం అని ప్రకటించారు. 2021లో దాని ధర 55,000 రూపాయలు, దానికి తగిన కుర్చీ ధర 39,900 రూపాయలు. ఆలోచన మెచ్చుకోదగినదే. కాని వ్యవసాయ కూలి ఇంటికి 95,000 రూపాయలు చవక కాదు. ముందరి చక్రం ద్వారా నడిచే ఏ బండికైనా మరొక పరీక్ష ఉన్నది. వాలు ఎక్కేటప్పుడు బరువు వెనుకకు జరిగి ముందరి చక్రం తేలిక అవుతుంది. తడిసిన బంకమట్టి మీద తేలికచక్రం పట్టు దొరకక తిరుగుతుంది. కొనేముందు ఇటువంటి బండిని వానకాలంలో కాలువ వంతెన మీద నడిపి చూడడం న్యాయం.

బల్ల, చీలిక, ముందుచక్రం

పాలకొల్లులోని సైకిలు షాపు, వెల్డింగు షాపు, వడ్రంగి చేయగల పని ఏమిటి? మూడు సాధనాలు పరిశీలించదగినవి.

మొదటిది గడపకు చీలిక. గడపకు పసుపు రాసి బొట్టుపెట్టే ఇంటిలో దానిని కోసివేయమంటే ఒప్పుకోరు. కోయనవసరమూ లేదు. 5 సెంటీమీటర్ల గడపకు లోపల ఒకటి, బయట ఒకటి, 60 సెంటీమీటర్ల పొడవైన వాలుచెక్కలు ఆనిస్తే 12కు 1 వాలు వస్తుంది. కావలసినప్పుడు తీసివేయవచ్చు. ఖర్చుకు తగిన ఫలం ఇంతగా ఇచ్చే సాధనం మరొకటి లేదు.

రెండవది ముందుచక్రం. పాత పిల్లల సైకిలు చక్రాన్ని కుర్చీ ముందు బిగించి చిన్నచక్రాలను నేలనుండి రెండు అంగుళాలు లేపడం. బురదకు, రాళ్ళకు ఇది మంచి ఉపాయం. కాని దీనిని కాళ్ళు పెట్టుకునే పలకకు బిగిస్తే పలక వంగిపోతుంది. చట్రపు గొట్టాలకే బిగించవలె. మడతకుర్చీ గొట్టాలు మెలిబడకుండ అడ్డకమ్మీ వేయడం మంచిది.

మూడవది మెట్లకు వాలుబల్ల. ప్రదర్శనలలో ఎక్కువగా కనబడేదీ, ఎక్కువగా మోసగించేదీ ఇదే. 60 సెంటీమీటర్ల అరుగుకు 12కు 1 వాలు కావలెనంటే బల్ల 7 మీటర్లకు పైగా ఉండవలె. సందులో అంత చోటుండదు. అందుచేత రెండున్నర మీటర్ల బల్ల వేసి పని అయిందంటారు. అప్పుడు వాలు సుమారు 4కు 1. గరిమనాభి నేలకు 60 సెంటీమీటర్ల ఎత్తున, వెనుక ఇరుసుకు 15 సెంటీమీటర్లు ముందు ఉన్న కుర్చీకి సరిగా ఈ వాలులోనే గరిమనాభినుండి గీచిన నిలువుగీత వెనుకచక్రం నేలను తాకే బిందువుగుండా పోతుంది. ఏ కొంచెం కుదుపు కలిగినా మనిషి వెల్లకిల పడతాడు. ఇటువంటి బల్ల మీద ఒంటరిగా ఎక్కరాదు, వెనుక బలమైన మనిషి తప్పక ఉండవలె. దిగేటప్పుడు వెనుకకు తిరిగి దిగవలె. చోటు చాలనప్పుడు ఒకే బల్లకు బదులు మధ్యలో చదునైన వేదిక పెట్టి, బల్లను మలుపు త్రిప్పి రెండు భాగాలుగా వేయడం ఉత్తమం. అంచులకు కమ్మీలు, పైన గరుకు పూత లేకపోతే తడిసిన బల్ల మెట్లకంటె ప్రమాదకరం.

ధరను ఎట్లా లెక్కించవలె?

ఉదాహరణకు 6,000 రూపాయల కుర్చీ ఆరునెలలలో విరిగి మూలపడితే నెలకు వేయి రూపాయలు ఖర్చయినట్లు. 15,000 రూపాయల కుర్చీ ఐదేండ్లు నడిస్తే నెలకు 250 రూపాయలు. చవకది ఏది? సముద్రపు గాలి తగిలే ఈ ప్రాంతంలో పూతలేని ఇనుము త్వరగా తుప్పుపడుతుంది. ఊరి సైకిలు షాపులో దొరకని టైరు, దొరకని బేరింగు ఉన్న కుర్చీ, అవి పాడైననాడే మరణించినట్లు. కాబట్టి ధరపట్టీ ప్రక్కన మరొక పట్టీ ఉండవలె: ఏ భాగం ఎక్కడ దొరుకుతుంది, ఎవరు బాగుచేయగలరు?

సాధనం మోయలేని భారం

చివరి అడ్డంకి రైలు. ఎత్తైన ప్లాట్‌ఫారం కూడ పట్టాలపైన 76 నుండి 84 సెంటీమీటర్లే. మామూలు పెట్టె నేల 120 సెంటీమీటర్లకు పైన. ఈ తేడాను దాటడానికి 12కు 1 వాలుబల్ల వేయాలంటే అది నాలుగు మీటర్లకు మించుతుంది. దానిని ఏ ప్రయాణికుడూ వెంట మోసుకుపోలేడు. బస్సు మెట్లూ ఇంతే. ఇక్కడ చవక సాధనం కుర్చీకి కాక స్టేషనుకు కావలె. ఒక్క బల్ల వందలమందికి ఉపయోగపడుతుంది. ముసలివారికి, గర్భిణులకు, మూటలు మోసేవారికి కూడ.

2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం బహిరంగ స్థలాలను, రవాణాను అందరికీ అందుబాటులో ఉంచవలెనని విధించింది. ఆ నియమాలు సలహాలుగా మిగిలిపోరాదనీ, తప్పనిసరి ప్రమాణాలు ఏర్పరచవలెననీ 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు కేంద్రప్రభుత్వాన్ని ఆదేశించింది. కనుక యువ ఇంజనీర్లు కొత్త కుర్చీలు కనిపెడుతున్నారని మెచ్చుకొంటూ, మెట్లను మాత్రం అట్లాగే ఉంచడం ఒప్పదు. మెట్లెక్కే కుర్చీ వార్తకెక్కుతుంది. మెట్ల ప్రక్కన కట్టిన వాలుదారి వార్తకెక్కదు. కాని ప్రతిరోజూ పనిచేసేది రెండవదే.

పాఠశాలలో చేయదగిన పని

ఉపాధ్యాయులు ఈ విషయాన్ని భౌతికశాస్త్ర ప్రయోగంగా చేయించవచ్చు. కావలసినవి కొలతటేపు, మట్టపు గొట్టం, నోటుపుస్తకం. విద్యార్థులు తమ పాఠశాల ద్వారంనుండి తరగతిగది, మరుగుదొడ్డి, ప్రయోగశాల వరకు ఉన్న ప్రతి గడప ఎత్తును, ప్రతి మెట్టును, ప్రతి వాకిలి వెడల్పును కొలవవలె. 90 సెంటీమీటర్లకు తక్కువైన వాకిలిని గుర్తించవలె. ఎత్తును 12తో గుణిస్తే కావలసిన వాలుదారి పొడవు వస్తుంది. 45 సెంటీమీటర్ల వరండాకు 5.4 మీటర్లు. ఆ పొడవుకు చోటున్నదా, మలుపు తిప్పవలెనా అన్నది పటం గీచి చూపవలె. వాలుదారి ఇప్పటికే ఉన్నచోట దాని ఎత్తును, పొడవును కొలిచి వాలు ఎంతో లెక్కకట్టవలె. పేరుకు కట్టిన వాలుదారి ఆ లెక్కలో దాగదు.

ఊరిలో చక్రాల కుర్చీ వాడేవారు అంగీకరిస్తే, ఆ పటాన్ని ముందుగా వారికి చూపవలె. గీత తప్పైనచోట వారు వెంటనే చెప్పగలరు. ఆ పటాన్ని పాఠశాల యాజమాన్య సంఘానికి, పురపాలక సంఘానికి ఇచ్చిన తరువాతనే ఏ సాధనం కొనవలెనో, ఏది తయారుచేయవలెనో ఆలోచించడం మంచిది. కొలతలు తెలిసినప్పుడు కొన్ని గడపలకు రెండు చెక్కముక్కలు సరిపోతవని, కొన్నిచోట్ల తాపీపని తప్పదని తేలుతుంది. ఏ పిల్లవాడినీ తరగతిలోకి ఎత్తుకుపోవలసిన అవసరం లేకుండ చేయడం ఈ ప్రయోగానికి ఫలితం.